తుఫాను వారానికి లెక్క వేసిన ఇల్లు: ఒక ఆఫ్‌గ్రిడ్ మాడ్యులర్ డిజైన్ కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఆర్కిటెక్ట్‌గా పనిచేస్తూ, చివరి ఏడాది బి.ఆర్క్ విద్యార్థుల థీసిస్‌లకు గైడ్‌గా కూడా ఉంటున్నాను. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఆఫ్‌గ్రిడ్ ఇల్లు, అంటే బయటి కరెంటు లైను లేకుండా నడిచే ఇల్లు, తీసుకుంటున్నారు. చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఏడాది సగటు తీస్తే కరెంటు సరిపోతుంది, నీళ్లు సరిపోతాయి. ఒక చెడ్డ వారం తీసుకుని లెక్క వేస్తే ఏదీ సరిపోదు. ఈ కేసులో ఒక విద్యార్థి ఆ ఇబ్బందిని ఎలా దాటాడో, ఒక్కో నిర్ణయం వెనక ఏం ఆలోచించామో రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, కాలేజీ చెప్పడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

స్థలం భీమిలి వైపు ఒక జీడితోట. సముద్రం దగ్గరే కానీ తీరప్రాంత నిబంధనలు వర్తించే 500 మీటర్ల పరిధికి బయట ఉంది. తోటలో పాత తాటాకిల్లు, ఒక నుయ్యి, రెండు ఆవులు. విద్యార్థి తాతయ్య, మామ్మ అక్కడే ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. పిల్లలు, మనవలు నగరంలో ఉంటారు, పండగలకూ జీడిపిక్కల కాలంలోనూ వచ్చి నాలుగు రోజులుంటారు. కరెంటు స్తంభం తోటకు చాలా దూరం. లైను లాగించుకోవాలంటే ఆ ఖర్చు కుటుంబమే పెట్టుకోవాలి. అందుకే అబ్బాయి ఆఫ్‌గ్రిడ్ అన్నాడు. ఫ్యాషన్ కోసం కాకుండా నిజమైన అవసరం నుంచి వచ్చిన ప్రాజెక్టు కాబట్టి నాకు మొదటి నుంచీ దీని మీద ఇష్టం ఏర్పడింది.

ఇంకో విషయం మొదట్లో ఎవరూ చెప్పలేదు. తాతయ్యకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. అది తెలిశాక డిజైన్ దారే మారింది.

వచ్చిన సమస్య

మొదటి డిజైన్‌లో పక్కపక్కన రెండు 20 అడుగుల స్టీల్ కంటైనర్లు, పైన 3 కిలోవాట్ల సోలార్, 10 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉన్నాయి. బొమ్మలు చాలా బాగా గీశాడు. రోజువారీ వాడకం జాబితా కూడా నిజాయతీగా వేశాడు. ఒక టన్ను ఏసీ రాత్రి ఆరు గంటలకు 5 యూనిట్లు, ఇండక్షన్ పొయ్యికి 2.2, మూడు మామూలు ఫ్యాన్లకు 2.25, ఫ్రిజ్‌కు 1, మోటారు, టీవీ, లైట్లకు కలిపి ఇంకో యూనిట్. మొత్తం సుమారు 11.5. కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే 3 కిలోవాట్లకు 12 వస్తాయి. అరయూనిట్ మిగులు. 'ఎనర్జీ బ్యాలెన్స్ సాధించాం' అని షీట్ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

థీసిస్ మధ్యలో జరిగే జ్యూరీలో (పరీక్షకులకు డ్రాయింగులు చూపించే సమీక్షలో) ఒకరు అడిగారు: "హుద్‌హుద్ లాంటిది వస్తే మీ తాతయ్య వాళ్లు ఏం చేస్తారు?" 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన నగరం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. అప్పుడు ఇక్కడున్నవాళ్లకు ఆ తర్వాతి రోజులు వివరించక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలకీ నీళ్లకీ పెట్రోలుకీ క్యూలు. అబ్బాయి దగ్గర జవాబు లేదు. టెన్షన్‌తో నా దగ్గరకు వచ్చి, "మేడమ్, బ్యాటరీ ఎంత పెంచితే సరిపోతుంది?" అన్నాడు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

బ్యాటరీ పెంచొద్దని నేను వెంటనే చెప్పలేదు. ఆ లెక్క చివరిదాకా వేసి చూడమన్నాను. మూడు రోజులు ఎండ లేదనుకుంటే 11.5 చొప్పున 34.5 యూనిట్లు కావాలి. బ్యాటరీని ఎనభై శాతం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదనుకుంటే 43 యూనిట్ల బ్యాటరీ కొనాలి. అంటే అతను అనుకున్నదానికి నాలుగింతలకు పైగా. ఖర్చులో ఇంటితో పోటీ పడుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. "సరే, నాలుగో రోజు ఎండ వచ్చింది. ఖాళీ అయిన బ్యాటరీ ఎప్పటికి నిండుతుంది?" అని అడిగాను. రోజుకు వచ్చేది 12, ఖర్చయ్యేది 11.5. మిగిలే అరయూనిట్‌తో 34.5 యూనిట్లు నింపాలంటే 69 రోజులు పడుతుంది. అక్టోబరు తుఫానుకు ఖాళీ అయిన బ్యాటరీ డిసెంబరు చివరికి గానీ నిండదు. ఈలోగా నవంబరులో ఇంకో వాయుగుండం రాదని మన తీరంలో ఎవరు చెప్పగలరు? ఆఫ్‌గ్రిడ్ అనే ప్రతి విద్యార్థి చేతా నేను ఈ నింపుడు లెక్క వేయిస్తాను. బ్యాటరీ ఎంత పెద్దదన్నదాని కంటే అది ఎంత త్వరగా మళ్లీ నిండుతుందన్నదే ఇంటి ఆరోగ్యం చెబుతుంది.

సరే, ప్యానెళ్లు పెంచుదామన్నాడు. ముసురు పట్టిన రోజున ప్యానెల్ తన మామూలు దిగుబడిలో పది నుంచి పాతిక శాతమే ఇస్తుంది. రెట్టింపు ప్యానెళ్లు పెట్టినా ఆ రోజు రెట్టింపయ్యేది ఆ కొంచెమే. పైగా పెంచిన ప్రతి ప్యానెల్‌నూ గాలి పట్టుకుంటుంది. డీజిల్ జనరేటర్ సంగతి కూడా మాట్లాడుకున్నాం. తుఫాను వచ్చి వెళ్లాక మొదట దొరకనిదే ఇంధనం కాబట్టి అది పక్కకు పోయింది.

ఇక కంటైనర్లు. పుస్తకాల్లో, వీడియోల్లో కంటైనర్ ఇల్లు ఎంతో సులువుగా కనిపిస్తుంది. ఈ స్థలంలో అది మూడు వైపులా దెబ్బతింది. ఒకటి వేడి. ఎండలో నిలబెట్టిన ఉక్కు పెట్టెను నివాసయోగ్యం చేయాలంటే లోపల దళసరిగా ఇన్సులేషన్ వేయాలి. కంటైనర్ లోపలి వెడల్పే 2.35 మీటర్లు. రెండు గోడలకూ ఇన్సులేషన్, బోర్డు వేశాక రెండు మీటర్ల పైచిలుకు మిగులుతుంది. మంచం వేస్తే పక్కన నడిచే జాగా ఉండదు. అంత చేశాక కూడా ఏసీ లేకపోతే ఉండలేరు. అంటే ఆ 5 యూనిట్ల ఏసీ భారం నిజానికి కంటైనర్ తెచ్చిపెట్టినదే. రెండోది ఉప్పుగాలి. కిటికీల కోసం కోసిన ప్రతి అంచూ తుప్పుకు తలుపు తీసినట్టే. పైగా కంటైనర్ బలంలో చాలా భాగం ఆ ముడతల గోడల్లోనే ఉంటుంది, వాటిని కోస్తే చుట్టూ మళ్లీ ఫ్రేము కట్టాలి. మూడోది దారి. తోటకు వెళ్లేది తాటిచెట్ల మధ్య గట్టు బాట, మధ్యలో ఒక చిన్న తూము. ట్రాక్టర్ వెళ్తుంది. కంటైనర్ మోసే లారీ, దాన్ని దించే క్రేను వెళ్లవు. అబ్బాయి చిన్నప్పటి నుంచీ నడిచిన బాటే అయినా, దాని వెడల్పు టేపుతో కొలిచింది మాత్రం అప్పుడే.

ఆ రోజు తోటలో మామ్మగారు డ్రాయింగులన్నీ ఓపిగ్గా చూశారు. చివరికి ప్యానెళ్ల మీద వేలు పెట్టి, "ఒరే, కప్పు లేచిపోతే ఈ అద్దాలేటి సేస్తాయిరా?" అన్నారు. హుద్‌హుద్‌కు పక్క తోటలో రేకుల షెడ్డు కప్పు మొత్తం లేచి చెట్ల మీద పడటం ఆవిడ చూశారు. ఆవిడ చిన్నప్పుడున్న చుట్టిళ్ల గురించి కూడా చెప్పారు. గుండ్రటి మట్టి గోడ, తాటాకు కప్పు, వంగితే గానీ లోపలికి వెళ్లలేనంత కిందికి దిగిన చూరు. గాలికి పట్టు దొరకని ఆకారం అది. మన ఉత్తరాంధ్ర తీరంలో తరాల తరబడి తుఫానులను చూసినవాళ్లు కట్టుకున్న ఇల్లు. జ్యూరీ అడిగినదానికీ మామ్మగారు అడిగినదానికీ జవాబు ఒకటే చోట ఉందని అక్కడే అర్థమైంది. ఈ ఇంటికి కొలత తుఫాను వారం.

పనిచేసింది

వాడకం జాబితాను చింపేసి, తుఫాను వారంలో ఏది ఆగితే ప్రమాదమో ముందు అది రాయమన్నాను. తాతయ్య ఇన్సులిన్ సంగతి అప్పుడు బయటికొచ్చింది. విప్పని ఇన్సులిన్ నిల్వ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కాబట్టి ఫ్రిజ్ ఆగకూడదు. చిన్న ఫ్రిజ్‌కు 0.7 యూనిట్. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పన్నెండు గంటలకు 0.7. లైట్లు, నుయ్యి మోటారు, ఫోన్ ఛార్జింగ్ కలిపి అరయూనిట్. మొత్తం రెండు యూనిట్ల లోపే.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఇన్వర్టర్ సొంత తిండి. ఏమీ వాడకపోయినా అది ఆన్‌లో ఉన్నంతసేపూ 25 వాట్లు తిన్నా రోజుకు 0.6 యూనిట్. రెండు యూనిట్ల ఇంట్లో అది చిన్న విషయం కాదు. దాన్ని తప్పించడానికి ఇల్లంతా డీసీ వైరింగ్, అంటే ఇన్వర్టర్ లేకుండా బ్యాటరీ కరెంటునే వాడే వైరింగ్, చేద్దామన్నాడు అబ్బాయి. సాంకేతికంగా సరైన ఆలోచనే. కానీ ఫ్యాన్ పాడైతే డెబ్బై దాటిన మనిషి దగ్గర్లోని ఆనందపురం వెళ్లి కొనుక్కోగలిగేది 230 వోల్టుల ఫ్యానే. ఊరి ఎలక్ట్రీషియన్‌కు తెలిసినదీ అదే. అందుకే మామూలు 230 వోల్టుల వైరింగే ఉంచి, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ తినే చిన్న ఇన్వర్టర్ ఎంచుకుని, ఆ నష్టాన్ని కూడా లెక్కలో కలిపాం. ప్రాణావసర వాడకం రోజుకు 2.5 యూనిట్లు అయింది.

ఇప్పుడు మూడు రోజులకు 7.5. ఎనభై శాతం హద్దుతో 9.4. అంటే అతను మొదట పెట్టిన 10 యూనిట్ల బ్యాటరీయే చాలు. మామూలు రోజుల్లో టీవీ, మిక్సీ, వచ్చిపోయేవాళ్లు కలిసి 4.5 అనుకున్నాం. వానాకాలంలో దిగుబడి సగటులో మూడింట రెండొంతులకు పడిపోతుందని జాగ్రత్తకు తీసుకుంటే రోజుకు 8 వస్తాయి, 3.5 మిగులుతాయి. ఖాళీ అయిన బ్యాటరీ రెండు రోజుల పైచిలుకులో నిండుతుంది. 69 రోజులు ఇక్కడికి దిగాయి. సామాను దాదాపు అదే, మారింది ఇల్లు.

ఏసీ లేకుండా ఎలా అన్నదానికి గాలి, నీడ తప్ప వేరే మార్గం లేదు. మన ఊళ్లో ఇబ్బంది పెట్టేది వేడి కంటే ఉక్క. దానికి మందపాటి గోడల కంటే ఒంటి మీదుగా పోయే గాలి ముఖ్యం. అబ్బాయి సముద్రం తూర్పున ఉందని పెద్ద కిటికీలన్నీ తూర్పుకు పెట్టాడు. వేసవిలో గాలి ఎక్కువగా నైరుతి వైపు నుంచి వస్తుంది. పడకగది కిటికీలను దక్షిణ, పడమర గోడలకు తిప్పి, ఎదురుగోడకు పైన వెంటిలేటర్లు పెట్టి, పడమటి ఎండ పడకుండా వసారా దించాం. కప్పుకు రేకు, దాని కింద గాలి ఆడే ఖాళీ, ఆ కింద బోర్డు సీలింగ్.

వంటకు గ్యాస్ సిలిండర్ ఉంచాం. "ఆఫ్‌గ్రిడ్ అంటే గ్యాస్ కూడా ఉండకూడదు కదా మేడమ్?" అని మథనపడ్డాడు. గోబర్ గ్యాస్ లెక్క వేశాం. రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాస్ ఇచ్చే చిన్న ప్లాంటుకు సుమారు 25 కిలోల పేడ కావాలి. రెండు ఊరి ఆవులకు అంత రాదు, వచ్చినా రోజూ కలిపి పోసేది ఎవరు? ప్లాంటుకు జాగా వదిలి, సిలిండరే ఉంచాం. పేరు కోసం ముసలివాళ్లకు రోజూ చాకిరీ పెట్టే డిజైన్‌ను నేను ఒప్పుకోను.

తర్వాత గాలి. భవనాల మీద గాలి భారానికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అది గంటకు 180 కిలోమీటర్లే. ఆకారాన్ని, కోణాన్ని బట్టి మారే గుణకాలు పక్కన పెడితే, ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోల బరువుతో సమానం. కప్పు రేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోలు. 2.6 చదరపు మీటర్ల ప్యానెల్ బరువు 30 కిలోల లోపు, దాని మీద గాలి బలం 390 కిలోలు. ఆరు ప్యానెళ్లకు కలిపి రెండు టన్నుల పైమాట. ఈ అంకెలు చూశాక అతను రేకు కప్పు మీద ప్యానెళ్లు అన్న మాట ఎత్తలేదు. తుఫాను హెచ్చరిక రాగానే ప్యానెళ్లు విప్పి లోపల పెట్టేలా చేద్దామన్నాడు. విప్పేది ఎవరు? ఆ ఇద్దరేనా?

ఇల్లు రెండుగా విడిపోయింది ఇక్కడే. మధ్యలో కదలని గట్టి గది. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుక గోడలు, వాటి చుట్టూ కాంక్రీటు బ్యాండ్లు, ఆర్‌సీసీ స్లాబు. అందులోనే వంటిల్లు, బాత్రూం, ఉత్తరపు గోడ వైపు నీడలో బ్యాటరీ. తుఫాను రాత్రి ఇద్దరూ పడుకునే చోటు కూడా అదే. ప్యానెళ్లు ఆ స్లాబు మీద. 20 చదరపు మీటర్ల స్లాబు బరువే ఆరు టన్నులుంటుంది కాబట్టి రెండు టన్నుల లాగుడును ఆపగలదు. గాలి అంచుల్లో, మూలల్లో ఎక్కువ లాగుతుంది. అందుకే ప్యానెళ్లను అంచు నుంచి లోపలికి జరిపి, వాలు తగ్గించి పెట్టాం. దిగుబడి కొంచెం తగ్గుతుంది, ఒప్పుకున్నాం. పైగా ప్యానెళ్ల నీడ స్లాబును చల్లగా ఉంచుతుంది.

ఆ గది చుట్టూ తేలిక గదులు. మాడ్యులర్ అన్న మాటకు, అంటే ఒకే కొలత ముక్కలుగా చేసి బిగించుకోవడానికి, ఈ ఇంట్లో అర్థం వీటిలోనే ఉంది. బోర్డులు, ప్లైవుడ్ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పులో దొరుకుతాయి కాబట్టి నాలుగడుగుల కొలత పెట్టుకున్నాం. ఏ ముక్క అయినా ఇద్దరు మనుషులు ఎత్తగలగాలి, ట్రాక్టర్‌లోనో ట్రాలీ ఆటోలోనో రావాలి. నాలుగు వైపులా వాలే కప్పు, వసారా కప్పు మాత్రం ఇంటి కప్పుకు కలపకుండా విడిగా. గాలికి వసారా పోయినా అసలు కప్పును వెంట తీసుకుపోకూడదు.

ఈ గదుల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు ఫ్రేము అతుకుల దగ్గర ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఫ్యాబ్రికేటర్ వెల్డింగ్ చేద్దామన్నాడు, గంటలో అయిపోతుందన్నాడు. వెల్డింగ్ వేడికి జీఐ పైపు మీది జింకు కాలిపోతుంది, ఉప్పుగాలిలో తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పైగా గది విప్పి మార్చలేం. బోల్టులే వేయాలని పట్టుబట్టి ఒక మూల అసలు సైజులో చేయించాం. రంధ్రాలు కలవలేదు. కంప్యూటర్‌లో మిల్లీమీటరు దాకా కలిసినవి, చేత్తో కోసిన పైపు మీద కలవవు. అబ్బాయి మెషీన్ కటింగ్ చేసే షాపు వెతుకుదామన్నాడు. నేను వద్దన్నాను. పదేళ్ల తర్వాత ఒక ముక్క మార్చాల్సి వస్తే ఊరి వర్క్‌షాపులోనే కావాలి. అతుకు పలకల్లో గుండ్రటి రంధ్రాలకు బదులు కోలగా సాగిన రంధ్రాలు పెట్టి, రంధ్రాలన్నీ చేశాకే జింకు పూత వేయించాడు. అదే మేస్త్రీ చేతిలో అదే మూల చక్కగా బిగిసింది. థీసిస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన డ్రాయింగ్ ఆ అతుకుదే.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మనకు వాన జూన్ నుంచి నవంబరు దాకానే. మిగతా ఆరు నెలలు ఇద్దరికి రోజుకు మనిషికి 55 లీటర్ల చొప్పున దాచాలంటే దాదాపు 20 వేల లీటర్ల ట్యాంకు కావాలి. నుయ్యి ఉండగా అంత అక్కర్లేదు. తాగడానికి, వంటకు మనిషికి 10 లీటర్లనుకుంటే 3,600 లీటర్లు చాలు. కప్పు మీది వాననీటికి 5 వేల లీటర్ల ట్యాంకు పెట్టి, మిగిలిన నీటిని నూతి చుట్టూ ఇంకేలా వదిలాం. మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి, నూతికి దూరంగా, పల్లం వైపు.

గోడలకు మొదట ఎర్రమట్టి బ్లాకులు అనుకున్నాడు. తోట పునాదుల్లో తీసిన మట్టి చాలదు. లారీల్లో అమ్మకానికి వచ్చే ఎర్రమట్టి ఎక్కడిదో ఎవరూ చెప్పరు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. వేల ఏళ్లుగా ఏర్పడిన ఆ దిబ్బల అంచులు ఇప్పటికే ఎంత నలిగాయో ఆ దారిలో వెళ్లేవాళ్లందరికీ తెలుసు. పర్యావరణం పేరుతో కట్టే ఇంట్లోకి అలాంటి మట్టి వచ్చే అవకాశం ఉన్నా చాలు, ఆ ఆలోచన మానుకోవాలన్నాను. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం బొగ్గుతో నడుస్తుంది, మనకు ఫ్లైయాష్‌కు కొరత లేదు. ఇటుక అందుకే మారింది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఇప్పుడు ఆఫ్‌గ్రిడ్ అంటూ ఎవరు వచ్చినా ప్యానెళ్ల లెక్క కంటే ముందు ఇంట్లో ఎవరుంటారు, వాళ్ల వయసెంత, ఏ మందులు వాడతారు అని అడుగుతున్నాను. ఇన్సులిన్ సంగతి ముందే తెలిసుంటే ఏసీ, ఫ్రిజ్ ఒకే వరుసలో ఉండేవి కావు. దారి వెడల్పు, తూము బలం, దగ్గరి వర్క్‌షాపులో ఏ మెషీన్లున్నాయన్నది కూడా సైట్ స్టడీలో రాయిస్తున్నాను. మాడ్యూల్ సైజు అక్కడి నుంచే వస్తుంది.

చివరి జ్యూరీలో గ్యాస్ సిలిండర్ మీద ప్రశ్న వచ్చింది. అబ్బాయి పేడ లెక్క చూపించి, తడబడకుండా జవాబిచ్చాడు. థీసిస్ పాసైంది. కుటుంబం ముందు గట్టి గది ఒక్కటే కడుతోంది, స్లాబు పడింది. తేలిక గదులు చేతిలో డబ్బును బట్టి ఒక్కొక్కటిగా వస్తాయి.

తేలని విషయం ఒకటుంది. విద్యార్థి నాన్నగారు రిటైరయ్యాక తోటకు వచ్చేస్తానంటున్నారు, తన గదిలో ఏసీ ఉండాలంటున్నారు. అబ్బాయి ఒక నియమం పెట్టాడు: కొత్తగా చేరే ఏ గదైనా తన వాడకానికి సరిపడా ప్యానెళ్లు, బ్యాటరీ తనే తెచ్చుకోవాలి, గట్టి గది బ్యాటరీని ముట్టుకోకూడదు. ఫ్రిజ్ లైను ఎప్పటికీ విడిగా ఉంటుంది. నాన్నగారు ఖర్చు అంచనా అడిగారు, ఇంకా ఏదీ తేల్చలేదు. ఆయన ఏం నిర్ణయించుకున్నా స్లాబు పగలగొట్టే పని రాకుండా, కాంక్రీటు వేసే ముందే వైర్ల కోసం రెండు ఖాళీ పైపులు వేయించాం.